పరఖీ

ఢిల్లీ ఖారీ బావ్‌లీ మసాలా బజారులో మా కొట్టు బోర్డు మీద 'పద్మనాభం అండ్ సన్స్, గుంటూరు మిర్చి' అని ఉంటుంది. పద్మనాభం మా నాన్న. ఆయన పోయి చాలా కాలమైంది. సన్స్ అని రాయించారు గాని ఇప్పుడున్న కొడుకుని నేనొక్కణ్ణే. నా పేరు వీరరాఘవులు. ఆ పేరుతో నన్ను పిలిచేది బంధువులూ, బ్యాంకువాళ్లూ మాత్రమే. బజారులో నేను పద్మనాభంజీని. ఫోనులో ఎవరైనా "పద్మనాభం గారేనా?" అంటే "ఆఁ, చెప్పండి" అంటాను. గద్దె మీద ఎవడు కూర్చుంటే వాడు కొట్టు పేరుకి పలకడం మా దగ్గర ఆనవాయితీ. పక్కకొట్టు గుప్తా ఇప్పటికీ వాళ్ల తాత పేరుకే పలుకుతాడు. ఇందులో మోసం ఉందని నాకెప్పుడూ తోచలేదు.

మా అబ్బాయి విష్ణు గద్దె మీద కూర్చోలేదు. మిర్చి ఘాటుకి చిన్నప్పటి నుంచీ వాడికి తుమ్ములు. గుర్గావ్‌లో ఒక కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగంలో చేరాడు. దానికి నేను బాధపడలేదు. పడని సరుకు ఎత్తుకోవడం కంటే పడే సరుకు చూసుకోవడమే లాభం.

ఒక ఆదివారం వసంత్ కుంజ్‌లో మా ఇంట్లో కూర్చుని వాడు తన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "నాన్నా, నీ పరఖీ గుర్తుందా?" అన్నాడు.

పరఖీ లేకుండా నాకు రోజు గడవదు. మొనదేలిన ఇనుప గొట్టం అది. ధనియాల బస్తాకి గుచ్చి లాగితే, కుట్టు విప్పకుండానే లోపలి సరుకు పిడికెడు బయటికి వస్తుంది. పైన మంచివి పోసి లోపల పుచ్చువి నింపితే అక్కడే దొరికిపోతారు.

"నేనూ ఒకటి చేశాను," అన్నాడు.

"దేనికి గుచ్చుతార్రా దాన్ని?"

"వెబ్‌సైటుకి."

వాడు చెప్పింది నాకర్థమైనంత మేరకు ఇది. ఇంటర్నెట్ చూసే ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరుకి చిన్న చిన్న పనిముట్లు తగిలించుకోవచ్చు. వాటిని ఎక్స్‌టెన్షన్లు అంటారు. ఫైర్‌బగ్ అని ఒకటుంది, వాడి వృత్తివాళ్లందరూ దాంతోనే బతుకుతారు. పేజీలో ఏ ముక్క మీద నొక్కినా దాని వెనకున్న రాత కనిపిస్తుంది. అక్కడికక్కడే దిద్ది, ఎలా ఉంటుందో చూసుకోవచ్చు. అయితే దిద్దింది ఆ కిటికీలో మాత్రమే ఉంటుంది. నచ్చితే తీసుకెళ్లి అసలు ఫైలులో రాసుకోవాలి, లేకపోతే కిటికీ మూయగానే పోతుంది. దాని పక్కన తగిలించుకోవడానికి మావాడు సొంతంగా ఇంకోటి తయారుచేశాడు. పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే ఏ బొమ్మ బరువు ఎంతో, ఏ రాత దగ్గర అడ్డం పడిందో తూచి చూపిస్తుంది. దానికి పరఖీ అని పేరు పెట్టాడు.

"నీ తూకం బుద్ధే నాకొచ్చింది నాన్నా," అన్నాడు.

నాకు లోపల సంతోషం కలిగింది. పైకి మాత్రం అడగవలసింది అడిగాను. "ఎంతకి అమ్ముతావు?"

"అమ్మను. ఊరికే ఇస్తాను. ఎవరైనా తీసుకోవచ్చు."

"ఊరికే ఇస్తే నీకేం మిగులుద్దిరా?"

"వాడినవాళ్లు కింద రెండు ముక్కలు రాస్తారు. బాగుందనో, ఇక్కడ ఆగిపోతోందనో."

"ఆ ముక్కలు కూరొండుకుంటావా?"

మా కోడలు గౌరి వంటింట్లోంచి నవ్వింది. "పోపులోకి కూడా పనికిరావు మావయ్యగారూ. నేనూ అదే అంటున్నా."

మా ఆవిడ మాణిక్యాంబ కొడుకు వైపే మాట్లాడింది. "ఏవండీ, వాడు చేసింది పదిమందీ వాడుతున్నారంటే చాలదా? మీకు ప్రతిదానికీ కాటా కావాలి."

ఆ ఏడాది వానలు తగ్గాక ఢిల్లీలో డెంగ్యూ జ్వరాలు వచ్చాయి. మా ఇంట్లో విష్ణుకి వచ్చింది. విష్ణుతో పనిచేసే సైమన్ అని ఒక కుర్రాడుండేవాడు, ఏలూరు వైపువాళ్లు. వాళ్లమ్మ జ్ఞానకుమారి ఆస్పత్రిలో నర్సు. ఆమే దగ్గరుండి అన్నీ చూసింది. రక్తం ఇవ్వడానికి ఆఫీసు కుర్రాళ్లు వరసలో నిలబడ్డారు. ఎవరూ తక్కువ చెయ్యలేదు. అన్నీ పెట్టాం, మనిషి మిగల్లేదు. అంతకు మించి దాని గురించి రాయడం నాకు చేతకాదు.

గౌరి పుట్టింటివాళ్లు వచ్చి రాజమండ్రి తీసుకెళ్తామన్నారు. "స్కూల్లో పరీక్షలున్నాయి, తర్వాత చూద్దాం," అంది. ఆర్.కె. పురంలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది ఆ పిల్ల. పరీక్షలయ్యాక కూడా వెళ్లలేదు. ఎందుకో మాకు కొద్దిరోజులకి అర్థమైంది.

సాయంత్రం బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని విష్ణు కంప్యూటర్ ముందు కూర్చునేది. పరఖీ ఉన్న పేజీ తెరిచేది. పాస్‌వర్డ్ అందులోనే భద్రంగా ఉంది, అడగకుండానే లోపలికి పోనిచ్చేది. కింద ఎవరెవరో రాసిన మాటలుండేవి. బ్రెజిల్ నుంచి ఒకడు, పోలండ్ నుంచి ఒకడు, పూణే నుంచి ఒకడు. 'థాంక్యూ విష్ణు, నా వారం పని ఒక పూటలో అయింది' అనేవాళ్లు. వాడు లేడని వాళ్లకి తెలియదు.

మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కోడలి పక్కన చేరేది. "ఇవాళ ఏం రాశారే?" అనేది.

గౌరి తెలుగులో చెప్పేది. "పోలండాయన మెచ్చుకున్నాడత్తయ్యా. తన స్నేహితులకి కూడా చెప్పాడట."

"మంచోడు. ఆ బ్రెజిల్ అబ్బాయి మళ్లీ రాలేదా?"

"రాలేదు."

"ఒంట్లో బాగుందో లేదో పాపం."

నేను పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడే అడిగింది. "మన విష్ణు పోయాడని వాళ్లకి తెలీదా?"

"తెలీదత్తయ్యా. చెప్పాలేమో."

"చెప్పకే," అంది మా ఆవిడ. "అక్కడన్నా ఉండనీ."

మా ఇంట్లో మూడు ప్రాణాలు ఆ కాస్త చోటు మీద నిలబడి ఉన్నాయని నాకు ఆరోజు తెలిసింది. ఇంట్లో వాడి చెప్పులు తీసేశాం, బట్టలు ఎవరికో ఇచ్చేశాం. ఆ పేజీలో మాత్రం జనం వాణ్ణి పేరు పెట్టి పలకరిస్తున్నారు, వాడు చేసిన పనిముట్టు ఎక్కడో ఎవరి చేతిలోనో ఇంకా పనిచేస్తోంది. నా లెక్కల్లో రాబడి కింద రాసుకోదగ్గది ఇక అదొక్కటే.

కొన్నాళ్లకి ఎవరో ఒక సందేహం అడిగారు. ఫలానా మీట ఎక్కడుందని. గౌరికి జవాబు తెలుసు. రాయాలా వద్దా అని నన్నడిగింది.

"ఎవరి పేరుతో రాస్తావమ్మా?"

"ఆయన పేరుతో లోపలికి వెళ్తే ఆయన పేరే పడుద్ది మావయ్యగారూ."

"పడనీ. బజారులో నేను పద్మనాభంగారిని కానూ? పేరు కొట్టుది. గద్దె మీద నువ్వున్నావు, పలుకు."

నేను అలా అన్నాక ఆమెకి బెరుకు పోయింది. అడిగినవాళ్లకి రెండేసి మాటలు రాసి, కింద విష్ణు అని ఉంచేది. రాసినరోజు ముఖంలో కాస్త వెలుగుండేది.

మరుసటి ఎండాకాలం, జూన్ నెలలో ఫైర్‌ఫాక్స్ మూడో వెర్షన్ వచ్చింది. అది వేసుకున్న ప్రతివాడి దగ్గరా పరఖీ ఆగిపోయింది. 'ఇది మీ బ్రౌజరుకి సరిపోదు' అని చెప్పి పక్కన పెట్టేస్తుందట. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కీ ఏ వెర్షన్ దాకా పనిచేస్తుందో చెప్పే నంబరు ఒకటుంటుంది. కొత్తది వచ్చినప్పుడల్లా తయారుచేసినవాడు ఆ నంబరు పెంచాలి. పెంచేవాడు లేడు.

పేజీలో అడగడం మొదలుపెట్టారు. 'విష్ణు, మూడుకి ఎప్పుడు?' 'విష్ణు, ఎదురుచూస్తున్నాం.' తర్వాత రాయడం తగ్గించారు. ఒక సాయంత్రం ఒక్కరూ రాయలేదు. మా ఆవిడ పళ్లెంతో వచ్చి కూర్చుని, కోడలి ముఖం చూసి, ఏమీ అడక్కుండా లేచి వెళ్లిపోయింది.

నేను సైమన్‌కి ఫోన్ చేశాను. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చాడు. టై ఇంకా మెడలోనే ఉంది. చాలాసేపు కంప్యూటర్‌లో చూశాడు.

"లోపల చాలా మార్చాలి అంకుల్. పాత ఫైర్‌ఫాక్స్‌లో పట్టుకునే కొక్కేలు కొత్తదాంట్లో కొన్ని తీసేశారు. నాకు నెల టైమివ్వండి. ఆఫీసులో రిలీజ్ నెత్తి మీదుంది, అది దింపుకుని చేస్తాను."

"నంబరు పెంచితే సరిపోదా సైమన్?" అంది గౌరి. "ఆయన అంతే చేసేవారు. పెరుగన్నం తింటూ ఎడం చేత్తో మార్చేవారు, నేను చూశాగా."

"అలా చేస్తే లోపలికైతే పోతుంది దీదీ. పోయాక ఏం చేస్తుందో గ్యారంటీ లేదు."

అతను వెళ్లాక గౌరి నా వైపు చూసింది. నేను నా బజారు మాట చెప్పాను. "నెల అంటే ఎక్కువేనమ్మా. గిరాకీ ఒకసారి పక్కకొట్టు మెట్టెక్కితే మళ్లీ మన మెట్టెక్కదు."

రెండురోజుల తర్వాత ఆమె పరఖీ పేజీలో వెర్షన్ రాసే గడి తెరిచి నంబరు మార్చేసింది. అంతే, అందరి దగ్గరా పరఖీ మళ్లీ లేచింది. పెరుగన్నం తింటూ నంబరు మార్చడం ఆ పిల్ల చూసింది నిజమే. దానికి ముందు వారం రోజులు వాడు ఆఫీసులో కూర్చుని ప్రతి మీటా నొక్కి చూసుకుని వచ్చేవాడని సైమన్ తర్వాత చెప్పాడు. ఆ పని ఇంట్లో ఎవరూ చూడలేదు.

కొద్దిరోజులు బాగుంది. పోలండాయన వచ్చాడు, బ్రెజిల్ అబ్బాయి కూడా వచ్చాడు. మా ఆవిడ ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది. చాలా నెలల తర్వాత.

ఒక సాయంత్రం నేను కొట్టు నుంచి వచ్చేసరికి అత్తాకోడళ్లు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నారు. గౌరి చదివి చెబుతోంది. "బ్రెజిల్ అబ్బాయి చాలా థాంక్స్ చెప్పాడత్తయ్యా. పూణే ఆయన మీవల్లే నా పని అయిందన్నాడు."

చొక్కా విప్పుకుంటూ నేను వాళ్ల వెనకగా వెళ్లాను. సరుకు పంపినవాళ్ల కాగితాలు చదువుకునేంత ఇంగ్లీషు నాకొచ్చు. తెర మీద థాంక్స్ లేదు. బ్రెజిల్ అబ్బాయి పరఖీ పెట్టుకున్న దగ్గర్నుంచి తన బ్రౌజరు బిగుసుకుపోతోందని రాశాడు. పూణే ఆయన రాసింది పొడుగ్గా ఉంది. ఫైర్‌బగ్‌లో పొద్దుట్నుంచీ కూర్చుని ఒక పేజీ మొత్తం దిద్దాడట, ఇంక అసలు ఫైలులోకి ఎక్కించుకోవడమే మిగిలిందట, ఇంతలో పరఖీ బ్రౌజరుని మూసేసిందట. దిద్దిందంతా పోయింది. 'చూసుకోకుండానే నంబరు పెంచి మా మీదికి వదిలావా విష్ణూ? నీలాంటి మోసగాడిని నమ్మడం నా తప్పు' అని ముగించాడు.

గౌరి నన్ను చూసింది. మాట ఆపకుండా, "ఇంకా బాగా చేస్తుండమన్నాడత్తయ్యా," అని పూర్తిచేసింది.

"అలాగే అని రాయవే," అంది మా ఆవిడ. చిక్కుడుకాయలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

నేను కుర్చీ లాక్కుని గౌరి పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్ల నుంచమ్మా?"

"నాలుగైదు రోజులైంది." గొంతు తగ్గించింది. "తప్పు నాది మావయ్యగారూ. తిట్లు ఆయనకి పడుతున్నాయి. బతికున్నప్పుడు ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక్కటంటే ఒక్కటి కూడా."

"నంబరు వెనక్కి తిప్పెయ్."

"తిప్పితే ఆగిపోద్ది. మళ్లీ ఎవరూ రారు." కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "సైమన్ నెలన్నాడుగా. అప్పటిదాకా ఏదో ఒకటి చెబుతాను. ఆఫీసులో పనెక్కువగా ఉందని, ఒంట్లో బాలేదని రాస్తాను, ఆయన పేరు మీదే."

ఒంట్లో బాలేదని. ఆ మాట అన్నాక ఆమే ఆగిపోయింది. కుక్కరు కూత పెట్టింది.

నేను నా పద్ధతిలో లెక్క చూసుకున్నాను. ఒకవైపు మాణిక్యాంబ సాయంత్రాలు, ఈ పిల్ల ముఖంలో వెలుగు, నాకు పేపరు వెనక వినపడే ఆ నాలుగు మాటలు. రెండోవైపు వాడి పేరు. ఇన్నాళ్లూ ఆ పేరు మీద మేం ముగ్గురం బతికాం. ఇప్పుడు మా కోసం ఆ పేరు అరిగిపోతోంది. ఇంకా ఎంత లాగితే అంత తరుగు. బజారులో మా కొట్టు నుంచి పుచ్చు సరుకు వెళ్లిందని తెలిస్తే మేం సాకులు చెప్పం. బండి పంపి వెనక్కి తెచ్చుకుంటాం, ఎవరి పొరపాటో చెబుతాం. పేరు నిలబెట్టుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే.

"వెనక్కి తెచ్చుకుందాం గౌరీ," అన్నాను. "ఉన్నది ఉన్నట్టు రాయి."

"అత్తయ్యగారో?"

"ఆవిడకి నువ్వు చెప్పలేకపోతే నేను చెబుతాను."

"వద్దు," అంది. "చదివి చెప్పేది నేనేగా."

ఆమె రాసింది చాలా చిన్నది. పరఖీ తయారుచేసిన విష్ణు పోయిన అక్టోబరులో చనిపోయాడు. నేనతని భార్యని. అప్పటి నుంచి మీకు జవాబులు రాసింది నేను. పరీక్షించకుండా నంబరు పెంచింది కూడా నేనే. అతను ఎప్పుడూ అలా చెయ్యలేదు. దయచేసి దీన్ని తీసెయ్యండి. కింద మొదటిసారి తన పేరు పెట్టింది. తర్వాత పాత నంబరు పెట్టేసింది. పరఖీ మళ్లీ పడుకుంది.

మర్నాడు సాయంత్రం నేను కొట్టు తొందరగా కట్టేసి ఇంటికొచ్చాను. పేజీ నిండా జవాబులున్నాయి. అన్నాళ్లలో అంతమంది ఎప్పుడూ రాయలేదు. పూణే ఆయన తను రాసింది తీసేసి, 'అమ్మా, క్షమించండి' అని ఒక్క ముక్క పెట్టాడు. బ్రెజిల్ అబ్బాయి వాళ్ల భాషలో ఏదో ప్రార్థన రాశాడు.

మా ఆవిడ పళ్లెంతో వచ్చి కూర్చుంది. "ఇవాళ ఏం రాశారే?"

గౌరి నా వైపు చూడలేదు. ముందు తను రాసింది చదివింది, తర్వాత ఒక్కొక్కరు రాసిందీ చదివింది. తెలుగులో, తొందరపడకుండా, పిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పింది. తను కల్పించి చెప్పిన థాంక్స్ సంగతి కూడా దాచలేదు.

మా ఆవిడ చిక్కుడుకాయ ఈనె తీస్తూనే విన్నది. అంతా అయ్యాక పళ్లెం కింద పెట్టింది.

"అయితే అక్కడ కూడా పోయాడన్నమాట," అంది.

లేచి వెళ్లి మా గదిలో పడుకుంది. ఆ పూట అన్నానికి రాలేదు. గౌరి వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంది. నేను బయటే ఉండిపోయాను. నేనూ వెళ్లి ఉంటే బాగుండేదేమో. అలాంటి చోట ఏం ఇచ్చి ఏం పుచ్చుకోవాలో నాకు తెలియదు.

సైమన్ మాట తప్పలేదు. నెల దాటాక కొత్తది తయారుచేశాడు. లోపల దాదాపు అంతా మార్చవలసి వచ్చిందని, పాత పేరు పెట్టడానికి తనకి మనసొప్పలేదని, వేరే పేరు పెట్టాడు. ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో, ఇది మొదట విష్ణు చేసింది అని రాశాడు. గౌరి ఒకసారి చూసి బాగుందంది. తర్వాత ఆ కంప్యూటర్ తెరవలేదు. దసరా సెలవులకి వాళ్ల నాన్న వచ్చి రాజమండ్రి తీసుకెళ్లాడు. సెలవులయ్యాక వస్తానంది. రాకపోయినా తప్పు పట్టనని రైలెక్కించేటప్పుడు చెప్పాను. మా ఆవిడ దారిలో తినమని పులిహోర కట్టింది గాని స్టేషనుకి రాలేదు.

ఆ వారంలోనే కొట్టులో ఫోను మోగింది. గుంటూరు నుంచి సదాశివరావు, మాకు మిర్చి పంపేవాడు. మా నాన్న కాలం నుంచీ వాడుక.

"పద్మనాభం గారేనా?"

నోట్లోకి ఎప్పుడూ వచ్చే మాట రాలేదు. "కాదండీ," అన్నాను. "ఆయన లేరు. పోయారు. నేను వాళ్లబ్బాయి వీరరాఘవుల్ని."

అవతల నవ్వు.

"అదేంటండోయ్, కొత్తగా చెబుతున్నారు! మీ నాన్నగారి పెద్దకర్మకి ఢిల్లీ వచ్చి మీ ఇంట్లో భోంచేసెళ్లాను గదా. ఇంతకీ తేజ రకం మిర్చి ఎట్టా పోతోందక్కడ?"

అప్పుడు నాకు తెలిసింది. ఈ బజారులో నన్ను పద్మనాభం అని పిలిచే ప్రతివాడికీ పద్మనాభం లేడని తెలుసు. తెలిసే పిలుస్తున్నారు, తెలిసే నేను పలుకుతున్నాను. అందుకే ఇందులో తరుగు లేదు. విష్ణు అని పిలిచినవాళ్లకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ తేడా చూసుకోకుండా ఆ పిల్లని గద్దె ఎక్కించింది నేను.

మా బోర్డు నాకు ఎదురుగానే కనిపిస్తోంది, ఎదురుకొట్టు అద్దంలో తిరగబడి. నా తర్వాత ఈ ఫోను మోగితే ఆ పేరుకి పలికే మనిషి లేడు.

"హలో," అన్నాడు సదాశివరావు. "ఏవండోయ్, ఉన్నారా?"

"ఉన్నానండీ," అని రేటు చెప్పాను.